షెఫీల్డ్‌లో పార్ట్‌టైమ్ మార్కెటింగ్: సంతకం పెట్టని కాంట్రాక్టు నుంచి పేస్లిప్ దాకా

2024 సెప్టెంబర్‌లో యూకేలోని షెఫీల్డ్‌కి వచ్చాను, మార్కెటింగ్‌లో ఏడాది మాస్టర్స్. క్రూక్స్‌మూర్‌లో నలుగురం కలిసి ఉండే ఇంట్లో నా గది అద్దె వారానికి 98 పౌండ్లు. వచ్చిన మూడో రోజు నుంచే పార్ట్‌టైమ్ వేట మొదలైంది. సీనియర్లని అడిగితే అందరూ చెప్పినవి అవే మూడు: వేర్‌హౌస్, కేర్ హోమ్, రెస్టారెంట్. వాటిలో చిన్నతనం ఏమీ లేదు, మా ఇంట్లో ఇద్దరు అవే చేసి ఫీజులు కట్టుకున్నారు. కానీ చదువుతున్నదే మార్కెటింగ్ కదా, ఎక్కడ చేసినా గంటకి దాదాపు అదే జీతం అయినప్పుడు రేపు సీవీలో రాసుకోవడానికి పనికొచ్చేదే చేద్దామని పట్టుబట్టాను. ఆ పట్టుదలతోనే మొదటి నెలలో పెద్ద పొరపాటు అంచుదాకా వెళ్ళాను. ఇప్పుడు వస్తున్నవాళ్ళకి ముందుగా చెప్పాల్సింది అదే.

జాబ్ సైట్‌లో ఒక ప్రకటన కనిపించింది. మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్, అనుభవం అక్కర్లేదు, విద్యార్థులు అప్లై చేసుకోవచ్చు, వెంటనే చేరొచ్చు, వారానికి 400 నుంచి 600 పౌండ్లు. అప్లై చేసిన గంటలోపే ఫోన్ వచ్చింది. మర్నాడు సిటీ సెంటర్‌లో వాళ్ళ ఆఫీసుకి వెళ్తే నాతో పాటు ఇంకో తొమ్మిది మంది ఉన్నారు, సగం మంది నాలాంటి విదేశీ విద్యార్థులే. ఇంటర్వ్యూ అంటే అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఆరు నెలల్లో టీమ్ లీడర్ కావచ్చు, ఏడాదిలో సొంత ఆఫీసు పెట్టుకోవచ్చు అన్నారు. గంటకి ఎంత అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. నేనూ అడగలేదు. ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో అసలు తట్టనేలేదు.

రెండో రోజు 'అబ్జర్వేషన్ డే' అన్నారు. ఉదయం పదకొండుకి రోథర్‌హామ్ వైపు ఒక కాలనీలో దింపారు. నన్ను అప్పగించిన అబ్బాయి ఒక ట్యాబ్ పట్టుకుని తలుపు తర్వాత తలుపు కొడుతూ వెళ్ళాడు, బ్రాడ్‌బ్యాండ్ మార్చుకోండి అని. అక్టోబర్ చినుకులు, చలిగాలి, సాయంత్రం ఏడు దాకా నడక. దాదాపు వంద తలుపులు కొట్టాం, రెండు సైన్ అప్‌లు అయ్యాయి. మాట్లాడటంలో అతనికి నిజంగా మంచి నేర్పు ఉంది, ఎదుటివాళ్ళు తలుపు వేసేలోపు ఒక్క వాక్యంలో ఆపగలిగేవాడు, అతన్ని చూసి కొంత నేర్చుకున్నాను కూడా. కానీ మధ్యలో శాండ్‌విచ్ తింటూ, నీకు గంటకి ఎంత ఇస్తారని అడిగితే 'గంటలు ఉండవు, సైన్ అప్ అయితేనే డబ్బు' అన్నాడు. కస్టమర్ రెండు వారాల్లోపు మనసు మార్చుకుంటే ఆ కమీషన్ వెనక్కి తీసేసుకుంటారట. ఇక్కడి చట్టం ప్రకారం ఇంటి దగ్గరకి వచ్చి అమ్మిన వాటిని 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు కొన్నవాళ్ళకి ఉంటుంది. ఆ హక్కు ఉండాల్సిందే, అందులో తప్పేం లేదు. దాని నష్టమంతా తలుపు కొట్టిన కుర్రాడి మీద పడటమే నాకు బాధ కలిగించింది.

మూడో రోజు కాంట్రాక్టు ముందు పెట్టారు. ఐదు పేజీలు. రెండో పేజీలోనే ఉంది, సంతకం పెట్టే వ్యక్తి కంపెనీ ఉద్యోగి కాదు, స్వతంత్ర కాంట్రాక్టర్, తన టాక్స్ తనే చూసుకోవాలి అని. ఆ 'సెల్ఫ్ ఎంప్లాయ్డ్' అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది, ఎందుకంటే ఓరియంటేషన్ వారంలో వీసా సెషన్‌లో ఆవిడ రెండుసార్లు ఒత్తి చెప్పిన మాట అదే. స్టూడెంట్ వీసా మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ చేయకూడదు, వ్యాపారం చేయకూడదు. ఫ్రీలాన్స్ పని కూడా అందులోకే వస్తుంది. డిగ్రీ, పీజీ చదివేవాళ్ళకి టర్మ్‌లో వారానికి 20 గంటలు ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ ఉద్యోగిగానే. నేను ఇదే అడిగితే ఆఫీసులో అమ్మాయి నవ్వుతూ 'ఇక్కడ అందరూ స్టూడెంట్సే, అందరూ సంతకం పెట్టారు, ఎవరికీ ఏమీ కాలేదు' అంది. ఒక రోజు టైమ్ ఇవ్వండి అని బయటికి వచ్చేశాను.

అక్కడి నుంచి నేరుగా యూనివర్సిటీ వీసా అడ్వైజర్ల దగ్గరికి వెళ్ళాను. కాంట్రాక్టు ఫోటో చూపిస్తే ఆయన రెండు నిమిషాలు చదివి, ఇది నీ వీసా షరతులకి విరుద్ధం, సంతకం పెట్టకు అని సూటిగా చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు, జీతం లేకుండా చేసిన పని కూడా 20 గంటల లెక్కలోకి వస్తుందని. అంటే నేను చలిలో తిరిగిన ఆ ఎనిమిది గంటలు డబ్బు లేకుండా పోయాయి, పైగా లెక్కలో మాత్రం పడ్డాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లోవాళ్ళు అప్పు చేసి పంపితే నేను మూడో వారంలోనే వీసా మీదకి తెచ్చుకునేదాన్ని కదా అన్న టెన్షన్ చాలా రోజులు వదల్లేదు.

మా హౌస్‌మేట్ ఒకడు అప్పటికే అలాంటి చోటే మూడు వారాలు చేశాడు, అది వేరే కంపెనీ, ఛారిటీలకి నెలనెలా చందాలు కట్టించే పని. 'అక్కా, నాకు 180 పౌండ్లు రావాలి, ఫోన్ ఎత్తట్లేదు' అని అప్పుడు చెప్పాడు నాకు. గట్టిగా అడుగుదామంటే అసలు ఆ పని చేయడమే వీసాకి విరుద్ధం, ఎవరికి చెప్పుకుంటాడు? ఆ డబ్బు వదిలేసుకున్నాడు. ఇలాంటి చోట్ల విద్యార్థులు ఎందుకు నోరు విప్పరో అప్పుడు అర్థమైంది, నాకు ఇప్పటికీ అదే ఎక్కువ కోపం తెప్పించే విషయం.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. బయట సైట్లు వదిలి యూనివర్సిటీ వాళ్ళ జాబ్ పోర్టల్ మాత్రమే చూడటం మొదలుపెట్టాను, అందులో పెట్టేవి ఎక్కువగా గంట జీతం ఉన్నవే. బయటి ప్రకటన ఏదైనా నచ్చితే ముందు ఒకే ఒక్క ఈమెయిల్: ఇది పే రోల్ మీద, అంటే కంపెనీ ఉద్యోగిగా జీతం ఇచ్చే ఉద్యోగమా, గంటకి ఎంత, గంటలు ఎన్ని. జవాబు తిన్నగా రాకపోతే అక్కడితో వదిలేయడమే. మొత్తం పద్నాలుగు అప్లికేషన్లు పెట్టాను. స్టూడెంట్ అంబాసిడర్‌గా, అంటే ఓపెన్ డే రోజుల్లో కొత్తవాళ్ళకి క్యాంపస్ చూపించే పని, మొదటిసారి రాలేదు. నవంబర్ మొదట్లో విద్యార్థులకి గదులు అద్దెకి ఇచ్చే ఒక స్టూడెంట్ అకామడేషన్ కంపెనీ, తన గదుల గురించి ప్రచారం చేసే బ్రాండ్ అంబాసిడర్ల కోసం ఒక ఏజెన్సీ ద్వారా పిలిచింది. గంటకి 11.44 పౌండ్లు. 21 దాటినవాళ్ళకి అప్పుడు చట్టం చెప్పిన కనీస వేతనం అదే. దాని పైన సెలవు జీతం 12.07 శాతం, అంటే గంటకి ఇంకో 1.38, విడిగా చూపించి ఇస్తామన్నారు. గంటలు కచ్చితంగా ఉండని ఉద్యోగాలకి ఇలా గంట జీతంతో పాటే సెలవు డబ్బు ఇచ్చే పద్ధతి ఇక్కడ ఉంది. ఆ వివరాలన్నీ అడగకుండానే కాగితం మీద రాసి ఇచ్చారు, అది చూశాకే నాకు ధైర్యం వచ్చింది.

ఇంటర్వ్యూలో మేనేజర్ ఒక తండ్రిలా మాట్లాడతాను, నువ్వు స్టాల్ దగ్గర ఉన్నావనుకో అన్నాడు. నేను బ్రోషర్‌లో చదివిన జిమ్, సినిమా గది, స్టడీ రూమ్ అన్నీ చెప్పాను. ఆయన అంతా విని 'మా అమ్మాయి రాత్రి రెండింటికి తాళం పోగొట్టుకుంటే తలుపు ఎవరు తీస్తారు?' అన్నాడు. నాకు తెలీదు. కనుక్కుని ఈ సాయంత్రంలోపు మీకు ఫోన్ చేసి చెప్తాను అన్నాను. అప్పుడే ఆయన ముఖంలో కాస్త మార్పు చూశాను. చేరాక చెప్పాడు, ముందొచ్చిన నలుగురూ ఏదో ఒకటి కల్పించి చెప్పారట.

చేరడానికి కాగితాలు తేలికే. వీసా వెబ్‌సైట్‌లో మన ఖాతాలోకి వెళ్ళి షేర్ కోడ్ తీసి ఇస్తే, పని చేసే హక్కు ఉందో లేదో, ఎన్ని గంటలో వాళ్ళే ఆన్‌లైన్‌లో చూసుకుంటారు. ఆ కోడ్ 90 రోజులు పనిచేస్తుంది. జీతం, టాక్స్ లెక్కలు మన పేరు మీద నమోదయ్యే నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ కోసం ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా అప్లై చేసుకోవచ్చు, అది వచ్చేదాకా ఆగక్కర్లేదు, పని మొదలుపెట్టి తర్వాత నంబర్ ఇవ్వొచ్చు. ఇది చేసిపెడతామని 40 పౌండ్లు అడిగినవాళ్ళు నాకు తగిలారు, ఇవ్వకండి.

ఇక అసలు పని. మొదటి షిఫ్ట్ స్టూడెంట్స్ యూనియన్‌లో, ఒక బల్ల, ఒక బ్యానర్, మూడు వందల ఫ్లయర్లు. నాలుగు గంటలు నిలబడి వచ్చేపోయేవాళ్ళ చేతుల్లో పెట్టాను. చాలామంది తీసుకున్నారు, నేను సంతోషపడ్డాను. షిఫ్ట్ అయ్యాక బయటికి వెళ్తుంటే తలుపు పక్క చెత్తబుట్టలో మా ఫ్లయర్లు కట్టలుగా కనిపించాయి. తీసుకోవడానికీ చదవడానికీ ఎంత దూరమో ఆ రోజు కళ్ళారా చూశాను. క్లాసులో సెగ్మెంటేషన్, అంటే కొనేవాళ్ళని వాళ్ళ అవసరాల్ని బట్టి రకాలుగా విడదీయడం గురించి రెండు వారాలు చదివాం, కానీ ఎవరికి ఏం కావాలో తెలియకుండా ఒకే కాగితం అందరికీ పంచుతున్నానని నాకు ఆ చెత్తబుట్ట దగ్గరే తట్టింది.

తర్వాతి షిఫ్ట్ నుంచి చెయ్యి చాచడం మానేసి ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాను. వచ్చే ఏడాదికి ఇల్లు చూసుకున్నారా? అంతే. వారం తిరిగేసరికి ఎదుటివాళ్ళు రెండు రకాలని తెలిసింది. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలు నవంబర్‌లోనే వచ్చే సెప్టెంబర్ కోసం వెతికేస్తారు, నలుగురైదుగురు గుంపుగా వస్తారు, వాళ్ళకి వేసవిలో ఇళ్ళకి వెళ్ళిపోతారు కాబట్టి 44 వారాల కాంట్రాక్టు చాలు. మాస్టర్స్ వాళ్ళు ఒంటరిగా వస్తారు, ఎక్కువమంది నాలాగా బయటి దేశాలవాళ్ళు, వాళ్ళ కోర్సు ఏడాదంతా కాబట్టి 51 వారాలు కావాలి. వాళ్ళ మొదటి ప్రశ్న జిమ్ గురించి కాదు, యూకేలో ఉండే గ్యారంటర్, అంటే అద్దె మనం కట్టకపోతే తాను కడతానని హామీ ఇచ్చే మనిషి, లేకపోతే ఎలా అని. గ్యారంటర్ లేకపోతే చాలా చోట్ల అద్దె ముందే పెద్ద మొత్తంగా కట్టమనేవారు. దేశం కాని దేశంలో మనకి ఎవరు గ్యారంటీ ఉంటారు? ఆ భయం నాకు తెలుసు కాబట్టి వాళ్ళతో మాట్లాడటం నాకు తేలికైంది.

మా ఫ్లయర్ మీద పెద్ద అక్షరాల్లో 'వారానికి 165 నుంచి' అని ఉండేది. ఆ ధర 51 వారాల కాంట్రాక్టుది. 44 వారాలదైతే వారానికి 172. వారం ధర చూసి పిల్లలు మొదటిది చవక అనుకునేవారు. కానీ గుణించి చూస్తే మొదటిది మొత్తం 8,415, రెండోది 7,568, అంటే వేసవిలో ఉండని పిల్లకి 'చవక' గది 847 పౌండ్లు ఎక్కువ పడుతుంది. నేను ఒక తెల్లకాగితం మీద రెండు లెక్కలూ రాసి, బిల్లులు కలిపా కాదా, డిపాజిట్ ఎంత, గ్యారంటర్ లేకపోతే ఏం చేయాలి, అన్నీ ఒకే పేజీలో పెట్టి మేనేజర్‌కి చూపించాను. ఆయన మొదట తటపటాయించాడు, మొత్తం అంకె చూస్తే జనం బెదిరిపోతారేమో అన్నాడు. ఒక్క శనివారం పెట్టి చూద్దాం అన్నాను. ఆ శనివారం గది చూడటానికి పదకొండు మంది పేరు రాయించుకున్నారు, అంతకుముందు శనివారం ముగ్గురే. ఆ తర్వాత ఆ పేజీని కంపెనీ వాళ్ళే చక్కగా డిజైన్ చేయించి అచ్చు వేయించారు. నా పేరు ఎక్కడా లేదు, అయినా ఆ కాగితం పంచుతుంటే కలిగిన గర్వం మాత్రం నాదే.

తప్పు కూడా చేశాను. స్టాల్ దగ్గర హెడ్‌ఫోన్స్ లాటరీ పెట్టి పేరు, ఫోన్ నంబర్, ఈమెయిల్ రాయించుకునేవాళ్ళం. అందులో ఐదుగురు అమ్మాయిలు గది కోసం చాలా కంగారుగా ఉన్నారని, సాయం చేద్దామని నా సొంత ఫోన్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. ఒకమ్మాయి కంపెనీకి ఫిర్యాదు చేసింది, నా నంబర్ ఈమెకి ఎలా వచ్చింది అని. మేనేజర్ పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు: వాళ్ళు టిక్ పెట్టింది కంపెనీ నుంచి ఈమెయిల్ రావడానికి, నీ ఫోన్ నుంచి మెసేజ్ రావడానికి కాదు, ఇక్కడి డేటా చట్టం ప్రకారం ఇది చిన్న విషయం కాదు. నేను అందరికీ క్షమాపణ చెప్పి నంబర్లన్నీ తీసేశాను. మన దగ్గర నంబర్ దొరికితే మెసేజ్ పెట్టేయడం మామూలే కాబట్టి నాకు అది తప్పని కూడా అనిపించలేదు, కానీ ఆ అమ్మాయి స్థానంలో నేను ఉంటే, ఊరు కాని ఊళ్ళో ఎవరో తెలియని మనిషి నుంచి మెసేజ్ వస్తే, భయపడేదాన్నే.

ఇన్‌స్టాలో మా సొంత ఖాతాల్లో వీడియోలు పెట్టమని కూడా అడిగారు. పెట్టినవాటి మీద ప్రకటన అని స్పష్టంగా రాయాలి, అది ఇక్కడి నియమం. ఆ వీడియో తీసిన సమయం షిఫ్ట్ గంటల్లో రాసి జీతం ఇచ్చారు. స్నేహితుల్ని చేర్పిస్తే 50 పౌండ్ల బోనస్ అన్నప్పుడు మాత్రం, అది పేస్లిప్‌లో వస్తేనే తీసుకుంటాను, విడిగా వద్దని చెప్పాను. ఏజెన్సీ వాళ్ళు సరే అన్నారు, పేస్లిప్‌లోనే వచ్చింది.

మొదటి పేస్లిప్ చూసి ఏడుపొచ్చినంత పనైంది. 48 గంటలకి 549 పౌండ్లు రావాలి, సెలవు డబ్బు కాక. అందులో దాదాపు 110 టాక్స్ కింద కోసేశారు. టాక్స్ కోడ్ దగ్గర 0టి అని ఉంది. విషయం ఏమిటంటే, చేరేటప్పుడు 'స్టార్టర్ చెక్‌లిస్ట్' అని ఒక ఫారం పంపారు, ఈ ఏడాదిలో ఇదే నా మొదటి ఉద్యోగం అని అందులో చెప్పాలి, నేను దాన్ని నింపడం మర్చిపోయాను. ఆ కోడ్ ఉంటే టాక్స్ లేని మొత్తం ఏమీ ఇవ్వకుండా మొదటి పౌండ్ నుంచే 20 శాతం పట్టేస్తారు. మామూలు కోడ్ 1257ఎల్, దానితో ఏడాదికి 12,570 పౌండ్ల దాకా ఇన్‌కమ్ టాక్స్ లేదు. నవంబర్‌లో చేరి వారానికి 20 గంటలు మించకుండా చేసే నాకు ఆ ఏడాది మొత్తం జీతం అంత ఉండదు, కాబట్టి ఆ ఒక్క ఉద్యోగమే ఉన్న నాలాంటివాళ్ళకి టాక్స్ పడకూడదు. టాక్స్ ఆఫీసు ఆన్‌లైన్ ఖాతా తెరిచి వివరాలు సరిచేశాను, రెండో పేస్లిప్‌లో కోడ్ మారింది, పట్టిన డబ్బు తిరిగి వచ్చింది. ఆ ఒక్క ఫారం నింపి ఉంటే ఆ నెల అద్దెకి అప్పు అడగాల్సిన అవసరం ఉండేది కాదు.

20 గంటల లెక్క గురించి ఇంకో రెండు మాటలు, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. ఈ వారం 15 చేశాను కాబట్టి వచ్చే వారం 25 చేస్తానంటే కుదరదు, సగటు తీయరు. రెండు ఉద్యోగాలుంటే రెండూ కలిపి 20. ఫిబ్రవరిలో రెండోసారి అప్లై చేస్తే స్టూడెంట్ అంబాసిడర్ పని కూడా వచ్చింది. ఒక వారం అకామడేషన్ షిఫ్టులు 16 గంటలు ఉండగా శనివారం ఓపెన్ డే 6 గంటలకి పిలిచారు. మొత్తం 22. చాలా ఇష్టమైన పని, అయినా రాలేనని చెప్పాను. ఇద్దరు మేనేజర్లకీ ఒకరి సంగతి ఒకరికి తెలీదు, లెక్క పెట్టుకోవాల్సింది మనమే. నేను ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకుని ప్రతి ఆదివారం రాత్రి కూడేదాన్ని.

జూన్ వచ్చేసరికి అందరూ 'ఇక ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు, సెలవులే కదా' అన్నారు. డిగ్రీ వాళ్ళకి సెలవులు. మాస్టర్స్ వాళ్ళకి ఆ వేసవి డిసర్టేషన్, అంటే కోర్సు చివర ఇవ్వాల్సిన పరిశోధనా వ్యాసం, రాసే కాలం, అది టర్మ్ కిందే లెక్క, 20 గంటలే. ఇదీ అడ్వైజర్‌నే అడిగి తెలుసుకున్నాను. అప్పటికి ఏప్రిల్ నుంచి కనీస వేతనం 12.21 అయింది, కాబట్టి అవే గంటలకి వారానికి 15 పౌండ్లు ఎక్కువ వచ్చేవి.

2025 సెప్టెంబర్‌లో డిసర్టేషన్ ఇచ్చేశాను, కోర్సు చివరి తేదీ కూడా దాటింది, ఇప్పుడు ఈ వీసా ఉన్నంతకాలం గంటల పరిమితి లేదు. రిజల్ట్ వచ్చి యూనివర్సిటీ వాళ్ళు వీసాలు చూసే ప్రభుత్వ శాఖ అయిన హోం ఆఫీసుకి తెలియజేస్తే, చదువయ్యాక ఇక్కడే ఉండి పని చేసుకునే గ్రాడ్యుయేట్ వీసాకి అప్లై చేయాలి. 2025లో ఫీజు 880, ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే హెల్త్ సర్‌చార్జ్ రెండేళ్ళకి 2,070, మొత్తం 2,950 పౌండ్లు. ఏడాదిగా పక్కన పెట్టినవి 2,300 ఉన్నాయి. మొన్న మేనేజర్, కొత్త విద్యార్థులు వచ్చే ఫ్రెషర్స్ వారానికి అదనపు షిఫ్టులు ఎవరికి కావాలని గ్రూపులో అడిగితే మొదట చెయ్యెత్తింది నేనే. ఈసారి స్టాల్‌కి కొత్తగా నలుగురు చేరారు, అందులో ఇద్దరు తెలుగు పిల్లలు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి వాళ్ళకి ట్రైనింగ్ నేనే ఇవ్వాలి. మొదట ఫ్లయర్లు కాదు, స్టార్టర్ చెక్‌లిస్ట్ నింపారా లేదా అని అడుగుతాను.